బ్యాకప్ టూల్స్ పోల్చే ముందు డేటా సంగతి చూస్కో తమ్ముడూ

తమ్ముడూ,

నీ మెయిల్ చదివా. రెస్టిక్, బోర్గ్, కోపియా అనే మూడు బ్యాకప్ టూల్సూ నీ హోమ్ ఫోల్డర్ మీద నడిపి చూశావు, మొదటిసారి ఒకటి బాగుందనిపించింది, వారం తర్వాత నడిపితే ఇంకోటి ముందుకొచ్చింది, ఇప్పుడు ఆఫీసులో ఏ పేరు చెప్పాలో తెలీట్లేదంటున్నావు. ఎలా తెలుస్తుంది మరి? ఈ వారంలో నీ హోమ్ ఫోల్డరే మారిపోయింది, బ్రౌజర్ క్యాష్ మారింది, లాగ్స్ పెరిగాయి, ఏవో రెండు సినిమాలు డిలీట్ చేసుంటావు. నువ్వు నడిపినవి రెండు వేరే పరీక్షలు, వాటి మార్కులు పక్కపక్కన పెట్టి చూస్తున్నావు అంతే.

నేను చెప్పేది ఒకటే. డేటాని దాచుకోకు, డేటాని పుట్టించే పద్ధతిని దాచుకో. ఒక చిన్న స్క్రిప్టు, ఒక సీడ్ నంబరు (ర్యాండమ్ లెక్క దీంతోనే మొదలవుతుంది), చివర్లో సరిచూసుకోడానికి ఒక మానిఫెస్ట్ ఫైలు, అంటే ఫైళ్ళ జాబితా, ఈ మూడూ కలిపినా అసలు డేటా ముందు చాలా చిన్నవే. 200 జీబీ డిస్కులో మోసుకెళ్ళక్కర్లేదు, ఎవరు ఎక్కడ నడిపినా బైటు తేడా లేకుండా అదే డేటా రావాలి. కస్టమర్ల అసలు డేటా కాపీ తీసి టెస్టింగ్‌కి వాడదామన్న ఆలోచన కూడా దీంతో పోతుంది, అది ఎలాగూ చెయ్యకూడదనుకో.

ముందు అందరూ చేసే రెండు పనులు చెప్తా, నువ్వు చెయ్యకు. ఒకటి, డెవ్ జీరో (లైనక్స్‌లో సున్నాలే ఇచ్చే ఫైలు) నుంచి సున్నాలు పోసి పెద్ద ఫైలు చేయడం. 100 జీబీ సున్నాలు ఇస్తే ఏ డీడూప్ టూలైనా, అంటే ఒకే డేటాని రెండోసారి దాచని టూలు, ఒకటో రెండో చంకులు (ముక్కలు) దాచుకుని మిగతాదంతా అదే అనుకుంటుంది, వేగం చూస్తే ఆహా అనిపిస్తుంది, అది కాగితం మీద వేగం. రెండోది ర్యాండమ్ బైట్లు ఇచ్చే డెవ్ యూరాండమ్ నుంచి తీయడం. అది అస్సలు కంప్రెస్ అవదు, అస్సలు డీడూప్ అవదు, పైగా మళ్ళీ అదే డేటా కావాలంటే రాదు. నిజం డేటా ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

సీడ్ పెట్టి ర్యాండమ్ తీస్తే సరిపోతుంది కదా అంటావు. సరిపోతుంది, కానీ సీడ్ ఒకటే అయినంత మాత్రాన అంతా ఒకటే వస్తుందనుకోకు. పైథాన్‌లో సీడ్ అదే ఉంటే ర్యాండమ్ అనే ఫంక్షన్ ఇచ్చే వరస వెర్షన్లు మారినా అలాగే ఉంచుతామని వాళ్ళు డాక్యుమెంటేషన్‌లో మాటిచ్చారు, షఫుల్ లాంటి మిగతా ఫంక్షన్లకి ఆ మాట లేదు. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హాష్ (డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు నంబరు) ప్రతి రన్‌కీ మారుతుంది కాబట్టి ఫైల్ పేరు మీద మామూలు హాష్ ఫంక్షన్ వాడి సీడ్ తీశావంటే రేపటికి సీడే మారిపోతుంది, సెట్‌లో పెట్టిన పేర్ల వరస కూడా అంతే. బాష్ షెల్‌లో ర్యాండమ్ వేరియబుల్ ఇచ్చే వరస 5.1 వెర్షన్‌లో మారింది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ టూలుతో సున్నాల్ని ఏఈఎస్ సీటీఆర్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి ర్యాండమ్ బైట్లు తీసే చిట్కా ఒకటుంది, చాలా మంచి చిట్కా, చాలా వేగం, కానీ పాస్‌వర్డ్ ఇచ్చి వాడితే 2016లో వచ్చిన 1.1.0 దగ్గర పాత మెషిన్‌కీ కొత్త మెషిన్‌కీ తేడా వస్తుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే డిఫాల్ట్ డైజెస్ట్‌ని (హాష్ పద్ధతిని) ఎండీ5 నుంచి షా256కి మార్చారు. కాబట్టి కీ, ఐవీ (ఎన్‌క్రిప్షన్ మొదలయ్యే విలువ) రెండూ నువ్వే నేరుగా ఇచ్చెయ్, పాస్‌వర్డ్ జోలికి పోకు.

నన్నడిగితే లాంగ్వేజ్ లైబ్రరీలో ఉన్న ర్యాండమ్ జోలికే వెళ్ళకుండా షేక్256 లాంటి హాష్ అల్గారిథమో ఏఈఎస్ సీటీఆరో వాడు, స్పెసిఫికేషన్ రాసి ఉన్న అల్గారిథమ్ కాబట్టి ఏ భాషలో రాసినా ఏ సంవత్సరంలో నడిపినా అవే బైట్లు.

ఇప్పుడు అసలు కీలకం. ర్యాండమ్ బైట్లని ఒకే ధారలా తీసి ఫైళ్ళన్నింటికీ వరసగా పంచకు. అలా చేస్తే మధ్యలో ఒక ఫైలు కలిపినా, ఒక ఫైలు సైజు మార్చినా దాని తర్వాత వచ్చేవన్నీ మారిపోతాయి, నిన్నటి రిజల్ట్ ఇవాళ్టికి పనికిరాదు. ప్రతి ఫైలుకీ దాని సీడ్ దానికే ఉండాలి, అసలు సీడ్ నంబరు, ఫైల్ పాత్, బ్లాక్ నంబరు, వెర్షన్ నంబరు నాలుగూ కలిపి హాష్ చేసి ఆ బ్లాక్‌లో బైట్లు తియ్యి. బ్లాక్ 1 ఎంబీ అనుకో. అప్పుడు 40 జీబీ ఫైల్లో 17వ బ్లాక్ ఒక్కటే మళ్ళీ పుట్టించి చూసుకోవచ్చు, రీస్టోర్ అయిన ఫైలు ఎక్కడ చెడిందో పట్టుకోవచ్చు, నాలుగు థ్రెడ్లలో నడిపినా తేడా రాదు, ఫలానా బ్లాక్ మార్చాలంటే వెర్షన్ నంబరు ఒకటి పెంచితే చాలు.

కంప్రెషన్ సంగతికొస్తే, పూర్తి ర్యాండమ్ బైట్లకి బదులు ఒక పదాల పట్టిక పెట్టుకుని అందులోంచి పదాలు ఏరి టెక్స్ట్‌లా పేర్చు, కొన్ని ఫైళ్ళు అలా, కొన్ని ఫైళ్ళు పూర్తి ర్యాండమ్‌గా, ఫోటోలూ వీడియోలూ ఎలాగూ కంప్రెస్ అవ్వవు కాబట్టి వాటి బదులు ఈ ర్యాండమ్‌వి ఉంటాయి. ఫియో అనే డిస్క్ పరీక్ష టూలు వాడితే అందులో కంప్రెషన్ శాతం, డీడూప్ శాతం ఇచ్చే ఆప్షన్లు ఉన్నాయి, అవీ చూడు. నిజమైన డేటా కూడా కొంచెం ఉండాలి, దానికి కంప్రెషన్ పరీక్షలకి వాడే సైలీసియా కార్పస్ అనే ఫైళ్ళ సంకలనం ఉంది, 12 ఫైళ్ళు, దాదాపు 212 ఎంబీ. ఇంకా లైనక్స్ కెర్నల్ సోర్స్ టార్ ఫైళ్ళు వరస వెర్షన్లు నాలుగు తీసుకుని ఒకటి తర్వాత ఒకటి విప్పితే మనుషులు నిజంగా ఫైళ్ళు మార్చే తీరు అందులో కనిపిస్తుంది, నువ్వెంత తెలివిగా రాసినా స్క్రిప్టుకి ఆ తీరు రాదు. వాటి చెక్‌సమ్ (సరిచూసే హాష్) నీ స్క్రిప్టులో రాసుకో, డౌన్‌లోడ్ అయ్యాక సరిపోకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి.

డూప్లికేట్లు పెట్టేటప్పుడు చాలామంది ఒకే ఫైల్ని పది కాపీలు చేసి ఊరుకుంటారు, అది చాలా తేలిక పరీక్ష, అందరూ పాసవుతారు. రెస్టిక్ చంకులు సగటున 1 ఎంబీ ఉంటాయి, కనీసం 512 కేబీ, గరిష్ఠం 8 ఎంబీ. బోర్గ్ డిఫాల్ట్‌లో గురి 2 ఎంబీ. మరి ఒకేలాంటి ముక్క 100 కేబీయే ఉండి చుట్టూ వేరే డేటా ఉంటే చంకులు కలవవు, ఆ ముక్క రెండుసార్లూ స్టోర్ అవుతుంది. దాన్ని కంప్రెషన్ పట్టుకుంటుందా అంటే ఎల్‌జెడ్4 అనే కంప్రెషన్ పద్ధతి వెనక్కి 64 కేబీ వరకే చూస్తుంది, అంతకన్నా దూరంలో ఉన్న పోలిక దానికి కనపడదు. కాబట్టి ఒకేలాంటి ముక్కలు 30 కేబీవి కొన్ని, 300 కేబీవి కొన్ని, 16 ఎంబీవి కొన్ని, దగ్గర దగ్గరగా కొన్ని దూరంగా కొన్ని పెట్టు, అప్పుడు ఏ టూలు ఎక్కడ పట్టుకుంటుంది ఎక్కడ వదిలేస్తుంది అనేది బయటపడుతుంది.

ఒక మెలిక ఉంది ఇక్కడ. డేటా బైటు తేడా లేకుండా ఒకటే అయినా రెండు రిపాజిటరీలు (టూలు బ్యాకప్ దాచే చోట్లు) కొత్తగా తెరిస్తే సైజులు కొంచెం తేడా వస్తాయి, గాభరా పడకు. రెస్టిక్ ప్రతి రిపాజిటరీకీ చంకర్ పాలినామియల్, అంటే చంకు ఎక్కడ కోయాలో తేల్చే లెక్క, ర్యాండమ్‌గా ఎంచుకుంటుంది, బోర్గ్ ఎన్‌క్రిప్టెడ్ రిపాజిటరీల్లో రహస్య సీడ్ పెట్టుకుంటుంది, చంక్ సైజులు చూసి లోపల ఏ ఫైలుందో ఎవరూ కనిపెట్టకుండా. రెస్టిక్‌లో ఇనిట్ చేసేటప్పుడు, అంటే రిపాజిటరీ తెరిచేటప్పుడు, వేరే రిపాజిటరీ చంకర్ పారామీటర్లు కాపీ చేసుకునే ఆప్షన్ ఉంది, అది వాడితే ఆ తేడా పోతుంది. లేదంటే కొన్నిసార్లు నడిపి ఎంత ఊగుతుందో రాసుకో, అంతకంటే చిన్న తేడాని గెలుపు అనకు. కంప్రెషన్ సెట్టింగ్ కూడా నువ్వే స్పష్టంగా ఇవ్వు, బోర్గ్ డిఫాల్ట్ ఎల్‌జెడ్4, రెస్టిక్ కొత్త ఫార్మాట్‌లో జెడ్‌స్టాండర్డ్, రెండింటినీ అలాగే పోల్చేసి ఇది చిన్నగా దాచింది అంటే అన్యాయం.

ఒక్క స్నాప్‌షాట్ (ఒకసారి తీసిన బ్యాకప్) తీసి ఆపేస్తే బ్యాకప్ టూలుని పరీక్షించినట్టే కాదు. రెండో రోజు, మూడో రోజు ఏం మారింది అన్నది కూడా స్క్రిప్టులోంచే రావాలి, అదే సీడ్ నుంచి. ఒక పెద్ద ఫైలు మొదట్లో ఒక్క బైటు దూర్చు, ఫిక్స్‌డ్ సైజు బ్లాకులు వాడే టూలు మొత్తం ఫైలు కొత్తదనుకుంటుంది, కంటెంట్ చూసి కోసేది మొదటి చంకు తప్ప దాదాపు అన్నీ పాతవే అని గుర్తుపడుతుంది. వర్చువల్ మెషిన్ ఇమేజ్ లాంటి ఫైల్లో అక్కడక్కడా 4 కేబీ బ్లాకులు చెరుపు, అక్కడ మాత్రం కథ తిరగబడుతుంది, గోరంత మార్పుకి కొండంత చంకు మళ్ళీ రాస్తారు. లాగ్ ఫైలు చివర కలుపు, ఒక పెద్ద డైరెక్టరీ పేరు మార్చు, కొన్ని ఫైళ్ళు తీసెయ్, కొన్నింటికి టచ్ కమాండ్‌తో తేదీ మాత్రం మార్చు.

ఈ మార్పులన్నీ ఉన్న చెట్టు (ఫోల్డర్లూ ఫైళ్ళూ మొత్తం) మీదే చెయ్యాలి, మొత్తం చెరిపేసి రెండో రోజు చెట్టుని మళ్ళీ మొదటినుంచి పుట్టించకు. బైట్లు ఒకటే వస్తాయి నిజమే, కానీ ప్రతి ఫైలుకీ కొత్త ఐనోడ్ (డిస్కులో ఫైలు నంబరు), కొత్త సీటైమ్ (ఫైలు వివరాలు చివరిగా మారిన టైమ్) వస్తాయి, రెస్టిక్, బోర్గ్ రెండూ ఫైలు మారిందో లేదో అవి చూసే తేల్చుకుంటాయి, దాంతో అన్ని ఫైళ్ళూ మళ్ళీ చదువుతాయి, ఇంక్రిమెంటల్‌కి (మారినవే తీసే బ్యాకప్‌కి) ఇంత టైమా అని నువ్వు వాటిని తిట్టుకుంటావు. సీటైమ్‌ని మామూలుగా మనం కావాల్సినట్టు సెట్ చేయలేం, కాబట్టి మానిఫెస్ట్‌లో దాన్ని రాయకు.

ఎంటైమ్ (కంటెంట్ చివరిగా మారిన టైమ్) మాత్రం స్క్రిప్టే పెట్టాలి, ఆ రోజు టైమ్ వాడకూడదు. ఫైళ్ళకి పెట్టడం తేలికే, డైరెక్టరీల దగ్గర జాగ్రత్త, లోపల ఫైలు పెట్టగానే డైరెక్టరీ ఎంటైమ్ మారిపోతుంది, అందుకని అన్నీ రాసేశాక చివర్లో లోపలి డైరెక్టరీల నుంచి మొదలుపెట్టి పైకి వస్తూ పెట్టు. కొన్ని ఫైళ్ళకి 1970కి ముందు తేదీలు, కొన్నింటికి 2038 జనవరి 19 దాటిన తేదీలు ఇవ్వు, ఆ తేదీతో అయిపోయే 32 బిట్ టైమ్ ఇంకా ఎక్కడైనా దాక్కుని ఉంటే దొరుకుతుంది. ఇంకొక ఉచ్చు, ఫైల్లో కంటెంట్ మార్చి సైజు, ఎంటైమ్ రెండూ పాతవే ఉంచు. ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్ టూలు మామూలుగా ఆ రెండే చూస్తుంది కాబట్టి చెక్‌సమ్ ఆప్షన్ ఇవ్వకపోతే దాన్ని వదిలేస్తుంది, సీటైమ్ చూసేవి పట్టుకుంటాయి.

వింత ఫైళ్ళకి వేరే ఫోల్డర్ పెట్టు, స్పీడ్ పరీక్షలో కలపకు. ఖాళీ ఫైలు, ఖాళీ డైరెక్టరీ, ఎక్కడికీ పోని సిమ్‌లింక్ (వేరే ఫైలుని చూపించే లింకు), ఒకే ఐనోడ్‌కి మూడు హార్డ్ లింకులు (పేర్లు), ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్లు, పేరులో న్యూలైన్ ఉన్న ఫైలు, 4 జీబీ దాటిన ఫైలు, ట్రంకేట్ కమాండ్‌తో చేసిన స్పార్స్ ఫైలు (సున్నాలకి డిస్కు వాడని ఫైలు), రీస్టోర్ చేశాక దాని అసలు డిస్క్ వాడకం డీయూ కమాండ్‌తో చూడు, కొన్ని టూల్స్ సున్నాలన్నీ నిజంగా రాసేసి డిస్కు నింపేస్తాయి. తెలుగు పేర్లు కూడా పెట్టు. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4లో పేరుకి హద్దు 255 బైట్లు, యూటీఎఫ్8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, అంటే 85తో అయిపోతుంది, గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. ఇంకా మన ఐత్వం సంగతి చాలామందికి తెలీదు, యూనికోడ్‌లో దాన్ని ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు, కంటికి ఒకటే. పైసలు అని రెండు రకాలుగానూ పేరు పెట్టి రెండు ఫైళ్ళు చెయ్యి, మామూలు ఎక్స్‌ట్4లో రెండూ ఉంటాయి, మ్యాక్ ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్ఎస్ మీదకి రీస్టోర్ చేస్తే రెండూ ఉండలేవు. టూలు ఎర్రర్ ఇస్తుందా, నోరు మూసుకుని ఒకదాన్ని ఇంకోదాని మీద రాసేస్తుందా, అది తెలియాలి నీకు.

మానిఫెస్ట్‌లో ప్రతి ఎంట్రీకీ పాత్, రకం, సైజు, పర్మిషన్లు, ఎంటైమ్, సిమ్‌లింక్ అయితే అది చూపించే చోటు, ఫైలైతే షా256, ఇంతే రాయి. వరస మాత్రం బైట్ల ప్రకారం, అంటే లొకేల్ (భాష సెట్టింగ్) సీ అని పెట్టి సార్ట్ చెయ్యి, లేదంటే లొకేల్ వేరే ఉన్న మెషిన్లో వరస మారి ఫైళ్ళన్నీ సరిగ్గా ఉన్నా మానిఫెస్ట్ తేడా చూపిస్తుంది. యూమాస్క్ (కొత్త ఫైళ్ళకి పర్మిషన్లు తేల్చే సెట్టింగ్) కూడా స్క్రిప్టులోనే సెట్ చెయ్యి. మొత్తం మానిఫెస్ట్‌కి ఒక షా256 తీసి ఆ ఒక్క లైను నీ రిపోర్టులో పై వరసలో పెట్టు, టూలు వెర్షన్ల పక్కనే. బ్యాకప్ మొదలుపెట్టే ముందు ఒకసారి సరిచూడు, రీస్టోర్ అయ్యాక ఖాళీ డైరెక్టరీలో తెచ్చుకుని ఇంకోసారి సరిచూడు. టూలు తనకి తాను చేసుకునే చెక్ కమాండ్ ఉంటుంది, అది నడుపు, కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోకు, చదివేటప్పుడే తప్పు చదివుంటే దాని లెక్కలో అంతా కరెక్టే.

టైమ్ కొలిచే ముందు సింక్ చేసి పేజ్ క్యాష్ (చదివిన ఫైళ్ళు మెమరీలో ఉండే చోటు) ఖాళీ చెయ్యి, లైనక్స్‌లో డ్రాప్ క్యాషెస్ అనే ఫైల్లో 3 రాస్తే పోతుంది, లేదంటే రెండో టూలు మొదటిది చదివి పెట్టిన మెమరీలోంచి తింటుంది.

ముందే 200 జీబీకి పోకు. 1 జీబీ చెట్టు, మూడు రోజుల మార్పులు, అంతే చేసి రెండు వేరే మెషిన్లలో నడుపు, ఒకదాంట్లో పాత లైనక్స్ డిస్ట్రో ఉంటే ఇంకా మంచిది. ఆ రెండు మానిఫెస్ట్ హాష్‌లూ నాకు పంపు. ఒకటే అయితే సైజు పెంచు, వేరేగా ఉంటే రెండు మానిఫెస్ట్‌లూ డిఫ్ కమాండ్‌తో పోల్చి మొదటి తేడా వచ్చిన లైను చూడు, చాలావరకు డైరెక్టరీ ఎంటైమో సార్ట్ వరసో అయ్యుంటుంది.

మీ అన్న