అందరి టికెట్లూ మీ కార్డు మీదే ఎందుకు?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 28,000 వస్తుంది. పీజీకి 7,500, ఇంటికి 8,000 పోతాయి. మార్చిలో ఫ్రెండ్స్ ఆరుగురం రావిర్యాల వండర్‌లాకి వెళ్లాం. టికెట్లు, క్యాబ్, తిండి అన్నీ కలిపి 18,600 నా క్రెడిట్ కార్డు మీదే గీకాను. ముగ్గురు ఇచ్చేశారు, ఇద్దరు ఇవ్వలేదు. జులైకి కార్డులో ఇంకా 11,400 బాకీ ఉంది, మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమన్నంతే, కడుతున్నా. డిసెంబర్లో మహారాష్ట్రలోని ఇమాజికా పార్కుకి ప్లాన్ చేస్తున్నారు, మనిషికి 8,000. మళ్లీ నా కార్డే గీకమంటున్నారు. లేదా ‘ముందు వెళ్లు, తర్వాత కట్టు’ అనే యాప్‌లో ఈఎంఐ పెట్టుకోనా? నెలకి 1,500 చొప్పున కట్టిన ఆర్డీలో 15,000 ఉంది, కానీ దాన్ని ముట్టుకోకూడదనుకున్నా.

జవాబు: ఇమాజికాకి వెళ్లండి, ముందే చెప్తున్నా. 24 ఏళ్లప్పుడు ఎక్కకపోతే నైట్రో ఇంకెప్పుడు ఎక్కుతారు? కాళ్ల కింద నేల కూడా లేకుండా 40 మీటర్ల ఎత్తు నుంచి గంటకి 105 కిలోమీటర్ల వేగంతో పడేసి, ఐదుసార్లు తలకిందులు చేసే కోస్టర్ అది. నా భయం దాని గురించి కాదు, మీ కార్డు గురించి.

మీ ఉత్తరంలో ఒక లెక్క నాకు తేలలేదు. 18,600ని ఆరుగురికి పంచితే తలకి 3,100. ముగ్గురు ఇచ్చింది 9,300. అది నేరుగా కార్డుకి కట్టి ఉంటే బాకీ అప్పుడే సగానికి దిగేది, ఆ తర్వాత మీరు కట్టిన మినిమమ్‌లతో ఇంకాస్త తగ్గాలి కదా, మరి 11,400 ఎక్కడిది? నేను ఊహించేది ఇదీ: వాళ్లు ఒకడు ఇవాళ, ఒకడు వచ్చే వారం అన్నట్టు ఫోన్‌పే కొట్టారు, అది మీ సేవింగ్స్ ఖాతాలో పడింది, అక్కడున్న మీ డబ్బుతో కలిసిపోయి చాయ్, బిర్యానీ, పెట్రోలు అయిపోయింది. బిల్లు వచ్చేనాటికి చేతిలో ఏమీ లేదు. ఇందులో మీ తప్పేమీ పెద్దగా లేదు, అందరికీ జరిగేదే, కానీ చాలామంది కార్డు బాకీ మొదలయ్యేది ఇక్కడే. కార్డుకి బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు, డబ్బు వచ్చిన నిమిషంలోనే కట్టేయొచ్చు.

ఇప్పుడు ఆ బాకీ ఖరీదు చూద్దాం. చాలా కార్డుల్లో వడ్డీ నెలకి 3.5 శాతం అటూఇటూగా ఉంటుంది, మీదెంతో స్టేట్‌మెంట్ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. 11,400కి నెలకి 399, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 72, అంటే నెలకి 470 రూపాయలు ఊరికే పోతున్నాయి. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేకుండా ఇచ్చే ఆ 45 రోజుల వెసులుబాటు మీకు లేదు. మరోపక్క మీ 15,000 ఆర్డీ మీద ఆరున్నర శాతం అనుకున్నా ఏడాదికి వెయ్యి కూడా రాదు. ఒక చేత్తో ఆరున్నరకి దాచి ఇంకో చేత్తో 42 శాతానికి అప్పు మోస్తున్నారు! ఆర్డీని ముట్టుకోకూడదన్న మీ నియమం మంచిదే, కానీ ఇక్కడ పనికిరాదు. ఆర్డీ మూసేయండి, ముందే తీసినందుకు వడ్డీలో కొంత కోస్తారు, కోయనివ్వండి. 11,400 ఒకేసారి కట్టేస్తే ఇంకా మూడున్నర వేల దాకా మిగులుతాయి.

తర్వాత, ఆర్డీకి కట్టే 1,500కి, మినిమమ్ డ్యూకి పోయే ఐదారు వందలు కలపండి. నెలకి 2,000. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఐదు నెలలకి 10,000, ట్రిప్పు డబ్బు వచ్చేసినట్టే. ఆ యాప్ సంగతి ఇక అక్కర్లేదు. ‘నో కాస్ట్’ అని రాసి ఉన్నా చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి, ఒక్క వాయిదా ఆలస్యమైనా సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మీ అప్పుల చిట్టాలో, కనపడొచ్చు, రేపు బైక్ లోన్‌కి వెళ్లినప్పుడు తెలుస్తుంది.

8,000లో ఏమేం ఉన్నాయో కూడా ఒకసారి అడగండి. లోనావాలా దాకా రైలు, అక్కడి నుంచి ఘాట్ దిగి ఖోపోలి వైపు క్యాబ్, ఒక రాత్రి గది, టికెట్, ఇవి అందరూ లెక్కేస్తారు. లాకరు, నీళ్ల రైడ్లకి నైలాన్ బట్టలు, లోపల భోజనం మర్చిపోతారు. ఇక ఫోటోల కౌంటర్! నేను నలభై దాటాక వండర్‌లాలో రీకాయిల్ ఎక్కాను, అది ఒకసారి ముందుకి తిప్పి, చాలదన్నట్టు అదే దారిలో వెనక్కి తిప్పుతుంది. కాళ్లు వణుకుతూ బయటికొస్తే తెర మీద కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచిన నా మొహం. లెక్కలు చెప్పి బతికే మనిషిని, ధర కూడా అడక్కుండా కొనేశాను. ఇంకో వెయ్యి, పదిహేను వందలు పక్కన పెట్టుకోండి. శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజున వెళ్తే క్యూలో నిలబడే టైమైనా మిగులుతుంది.

ఫ్రెండ్స్‌కి ఏం చెప్పాలన్నదే మీ అసలు బాధనుకుంటా. ఆరుగురికి 48,000, మీ జీతం 28,000. జీతం కన్నా 20,000 ఎక్కువ ఒక్క స్వైప్‌లో మీ పేరు మీద పడుతుంది, ఈసారీ ఇద్దరు ఎగ్గొడితే 16,000. అందుకని గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి: “రేయ్, కార్డు బాకీలో ఉందిరా, ఈసారి నా వల్ల కాదు. ఫలానా తేదీకి డబ్బులు కొట్టినవాళ్లకే టికెట్లు.” అబద్ధం కాదు కదా, మొహమాటం దేనికి? ఇవ్వని ఇద్దరినీ మాత్రం గ్రూపులో అడగొద్దు. విడిగా ఫోన్ చేసి, రెండు విడతల్లో ఇమ్మనండి. చాలామంది మర్చిపోరు, నెలలు గడిచేసరికి మొహం చెల్లక తప్పించుకుంటారు. అప్పటికీ రాకపోతే ఆ 6,200 పోయిందనుకోండి, ట్రిప్పులో వాళ్ల చాయ్ కూడా మీరు గీకొద్దు.

ఒక చిన్న సంగతి. మొత్తం కట్టేశాక కూడా వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో వందో రెండొందలో వడ్డీ కనపడొచ్చు. అది బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా పడింది. కంగారు పడకండి, వదిలేయకండి కూడా, అదీ కట్టేయండి.