అప్పీలు సంగతి తరువాత

ప్రశ్న: మేము వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటాము. 2వ తరగతి చదువుతున్న మా బాబుకు అడ్వాన్స్‌డ్ అకడమిక్స్ లెవల్ 4లో (చదువులో బాగా ముందున్న పిల్లలకు స్కూళ్ళు నడిపే పూర్తికాలపు ప్రత్యేక తరగతుల్లో) చోటు రాలేదు. టెక్సస్‌లో ఉన్న మా ఆడపడుచు కూతురు అక్కడి గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌కు ఎంపికయింది. 6 నెలలు ఉండడానికి వచ్చిన మా మామగారు, రిటైరైన లెక్కల మాస్టారు, బాబు ముందే రోజూ ఈ మాట ఎత్తుతారు. వీడియో కాల్‌లో బంధువులకూ చెబుతారు. మా వారు వింటూ కూర్చుంటారు. బాబు ఈమధ్య స్కూలు కాగితాలను గరాజులోని చెత్తడబ్బాలో అడుగున పెట్టి ఇంట్లోకి వస్తున్నాడు. అప్పీలు చేయాలా? ప్రైవేటుగా ఐక్యూ పరీక్ష చేయించాలా?

జవాబు: అప్పీలు గురించి నాలుగు మాటలు చెప్పి పక్కన పెడతాను. ఎంపిక కమిటీ ఒక్క కాగాట్ (పిల్లల ఆలోచనా శక్తిని కొలిచే పరీక్ష) మార్కునే కాక టీచరు అంచనాను, తరగతిలో పిల్లవాడు చేసిన పనిని కలిపి చూస్తుంది కనుక, వాళ్ళ ముందుకు రాని కొత్త ఆధారం మీ దగ్గర ఉంటే గడువులోగా అప్పీలు చేయండి, లేకపోతే ఊరుకోండి. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు చేయవచ్చు. ఈలోగా దానికంటే కింది మెట్టులైన లెవల్ 2, 3 సేవలు మీ స్కూల్లోనే ఉంటాయి, వాటి గురించి అక్కడి అడ్వాన్స్‌డ్ అకడమిక్ రిసోర్స్ టీచరును అడగండి. మామగారి నోరు మూయించడానికే అయితే ఐక్యూ పరీక్షకు ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టవద్దు.

ఇక ఆ పోలిక సంగతి. టెక్సస్‌లో గిఫ్టెడ్ ప్రోగ్రామ్ నడపాలని చట్టం చెబుతుంది గాని, పిల్లలను ఎంచే కొలతలను ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ తనకు తానే నిర్ణయించుకుంటుంది. ఆ అమ్మాయిని తూచిన తక్కెడ వేరు, మీ వాడిని తూచిన తక్కెడ వేరు. లెక్కల మాస్టారికి ఈ సంగతి తెలియజెప్పడం కష్టం కాదు. చెప్పేవారు లేకపోవడమే మీ ఇంటి కష్టం.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం "మా వారు వింటూ కూర్చుంటారు" అన్నది. దానిని మీరు దారిన పోతూ రాసి, వెంటనే పరీక్షల గురించి అడిగారు. అప్పీలు గెలిస్తే మామగారు ఊరుకుంటారన్నది మీ ఆశ. అంటే తాతగారికి జవాబు చెప్పవలసిన పనిని తండ్రి మీద నుంచి తీసి 7 ఏళ్ళ పిల్లవాడి నెత్తిన పెడుతున్నారు. తండ్రి ఎదుట నోరెత్తకపోవడం మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాదకు మూల్యం తన కొడుకు చేత కట్టించే హక్కు ఏ తండ్రికీ లేదని నా గట్టి నమ్మకం. తాతయ్య అన్న మాటల కంటే, అవి విని నాన్న ఏమీ అనకపోవడమే ఆ పసివాడికి తీర్పులా తోచి ఉంటుంది.

ఈ మాట చెప్పవలసింది మీరు కాదు. కోడలు చెబితే అది ఎదురుచెప్పడం కింద జమ అయి, రాత్రికల్లా ఆడపడుచుకు ఫోను వెళుతుంది. మీవారే తండ్రిని నడకకు తీసుకువెళ్ళి, "నాన్నగారూ, బాబు చదువు గురించి వాడి ఎదుటగాని, ఫోనులో నలుగురితోగాని ఎత్తకండి. ఏదైనా ఉంటే నాతో అనండి" అని చెప్పాలి. అంతకంటే వివరణ అక్కరలేదు, క్షమాపణ అసలే అక్కరలేదు. ఆయన నొచ్చుకుని రెండు పూటలు సరిగా భోజనం చేయకపోవచ్చు. చేయకపోనివ్వండి. ఆయనను మంచి చేసుకోవాలని మనవడికి లెక్కలు చెప్పే పని మాత్రం ఇప్పుడే అప్పగించవద్దు, అది రోజువారీ పరీక్ష అయి కూర్చుంటుంది.

మీవారు ఒప్పుకునేలోగా ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా బాబును వెంటబెట్టుకుని ఆ గదిలోంచి లేచి వెళ్ళండి, వాదించకండి. "ఇంకెన్నాళ్ళు, నాన్న వెళ్ళిపోతారుగా, ఓర్చుకో" అని మీవారు అంటే ఒప్పుకోవద్దు. ఆయన ఊరు చేరిన తరువాత కూడా ఆ వీడియో కాల్ వస్తూనే ఉంటుంది.