పక్కింటి పిల్లి మన డాబా ఎక్కితే ఏం చేయాలి?

మిర్యాలగూడలో పక్కింటి పిల్లి డాబా మీద ఎండబెట్టిన మిరపకాయల్లో పడుకుంటోందని, కుండీలు తవ్వుతోందని, అడిగితే “పిల్లిని కట్టేస్తామా?” అంటున్నారని రాశారు.

కట్టేయలేరు, నిజమే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించొచ్చు కదా! మగపిల్లికైతే ఊరు తిరగడం, గోడల మీద ఉచ్చ పోయడం బాగా తగ్గుతాయి. ఆడదైతే నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, మోసేది తొమ్మిది వారాలే. ఇది చెప్పండి, వాళ్లే ఆలోచిస్తారు. చాయ్ టైంలో చెప్పండి, మిరపకాయలు చేతిలో పట్టుకుని కాదు.

పిల్లికి వదులు మట్టి ఇష్టం, కుండీల్లో గులకరాళ్లు పరవండి. మిరపకాయలకు వల కప్పండి. పాత చీర కప్పితే పరుపనుకుంటుంది.

విషం మాత్రం పెట్టొద్దు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.