గుర్రం కంటే ముందు ఒక కాగితం

అల్లుడా,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ ముందు మీ అత్త మోకాళ్ళ సంగతి అడిగి, తర్వాత వానల సంగతి అడిగి, అప్పుడు గానీ అసలు విషయానికి రాదు. ఈసారి ఎత్తగానే "అన్నా, వాడు గుర్రప్పందేల్ల పడ్డడు" అని ఒకటే ఏడుపు. నా కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. హైదరాబాద్‌లో మలక్‌పేట పందేల మైదానానికి తిరిగి తిరిగి పొలాలు అమ్ముకున్నవాళ్ళను కళ్ళారా చూసినవాణ్ణి. నీ దోస్తుకు ఫోన్ చేస్తే గానీ తెలియలేదు, మీరు పందెం కాయడం లేదని, ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు నెలకింత అని వేసుకుని ఒక రేసు గుర్రాన్ని పెంచుదామనుకుంటున్నారని, ఇదంతా ఆ 'డ్రీమ్ హార్స్' సినిమా చూసి పుట్టిన ఉబలాటమని. మీ అమ్మకు సర్దిచెప్పాను. నీకు చెప్పాల్సినవి మాత్రం ఫోన్‌లో అయ్యేవి కావు, సగం విని "సరే మామా" అంటావు. అందుకే రాస్తున్నాను, మొత్తం చదువు.

కోపం రాలేదులే. ఊళ్ళో పిల్లలు కలిసి పైసలు వేసుకునేది వినాయకుడికో డీజేకో. ఒక జీవాన్ని కలిసి సాకుదామన్న ఆలోచన నా చెల్లెలి కొడుక్కి వచ్చిందని సాయంత్రం హోటల్ దగ్గర ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను కూడా. వాళ్ళు నవ్వారు. నవ్వనీ.

సినిమా నేనూ చూశాను, నీ మరదలు పెట్టి చూపించింది. ఏడ్చాను, అది వేరే సంగతి. కానీ పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉద్యోగం చేసి రిటైరైనవాడి చూపు వేరే చోట ఆగుతుంది. కథ నిజంగా జరిగిందే. వేల్స్‌లో బొగ్గు గనుల ఇలాకాలోని ఊరు. జాన్ వోక్స్ అని ఒకామె పగలు సూపర్‌మార్కెట్‌లో, రాత్రి క్లబ్బులో పని చేసుకునే మనిషి. 350 పౌండ్లు పెట్టి ఒక ఆడగుర్రాన్ని కొంది, 2001లో దానికి పిల్ల పుట్టింది, గని మట్టి పోసిన గుట్ట మీది జాగాలో పెంచింది. 20 మందికి పైగా వారానికి 10 పౌండ్ల చొప్పున వేసుకున్నారు. ఆ పిల్లే డ్రీమ్ అలయన్స్, 2009 డిసెంబరులో చెప్‌స్టోలో వెల్ష్ గ్రాండ్ నేషనల్ గెలిచింది. మీ అందరికీ ఆ గెలుపు గుర్తుండిపోయింది. నాకు దానికి ముందు ఏడాది, 2008లో జరిగింది గుర్తుండిపోయింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు తేలికవి. మలక్‌పేటలో పరిగెత్తేది థరోబ్రెడ్ జాతి ఒక్కటే, తల్లీతండ్రీ పేర్లు స్టడ్ బుక్‌లో, అంటే ఆ జాతి వంశావళి రాసే పుస్తకంలో, ఉండాలి. బరాత్‌లో ఎంత అందంగా ఆడే మార్వాడీ గుర్రమైనా అక్కడ పనికిరాదు. ఓనర్లుగా మీరు రిజిస్టర్ కావాలి, గుర్రాన్ని లైసెన్సున్న ట్రైనర్ చేతికే ఇవ్వాలి. ఆడగుర్రం చూలు పదకొండు నెలలు, పిల్ల రెండేళ్ళకు గానీ ట్రైనర్ దగ్గరికి పోదు. అంటే ఊళ్ళో మీరు సాకేది ఆ రెండేళ్ళే, ఆ తర్వాత నెలనెలా బిల్లు కట్టి అప్పుడప్పుడు చూసి రావడమే. ముళ్ళ కంచె పెట్టకండి. ధనుర్వాతం ఇంజెక్షన్ మరవకండి, మేకు గుచ్చుకున్న గుర్రం దానికి దొరికిపోయినంత సులువుగా ఎద్దు దొరకదు.

ఇంకోటి, ఆ సినిమా లెక్క మనకు సరిపోదు. వాళ్ళది కంచెలు దూకుతూ ఐదారు కిలోమీటర్లు పోయే పందెం, ఆ గుర్రాలు నిదానంగా ఎదిగి ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు కూడా గెలుస్తాయి. మలక్‌పేటలో కంచెలు దూకేది లేదు, కిలోమీటరు, రెండు కిలోమీటర్ల చదును పరుగు, రెండు మూడేళ్ళ వయసులోనే దించడం మొదలుపెడతారు. (ఆ మైదానానికి పందేలను 1886లో మౌలాలి నుంచి మార్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఆయన మీదుగానే. పాలమూరోళ్ళు ఎవరైనా మీ గుంపులో ఉంటే చెప్పు, మురిసిపోతారు.) పైగా ఏ నెలలో పుట్టినా జనవరి 1 రాగానే ఒక ఏడాది పెరిగినట్టే లెక్క. ఎముక ముదరకముందే పరుగు పెట్టాలి కాబట్టి, మొదటి రెండేళ్ళలో మీరు దానికి ఏం తాగించారన్నది చాలా పెద్ద సంగతి.

తాగించారనే అన్నాను. మనది నల్లగొండ జిల్లా, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఇలాకా అని మర్చిపోయారా? మర్రిగూడ, మునుగోడు, చండూరు మనుషుల కాళ్ళు ఎట్లా వంకరపోయాయో నీకు చెప్పక్కర్లేదు. పశువుల సంగతి మాత్రం ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడరు. పళ్ళు పచ్చబడి, అరిగి, గడ్డి నమలలేక చిక్కిపోయిన బర్రెలు, మోకాళ్ళ మీద కూర్చుని లేవలేని ఎడ్లు, దవాఖాన ముందు ఎన్నో. యజమాని టానిక్ ఇవ్వమంటాడు, నేనేమో నీళ్ళు మార్చమంటాను, మార్చడానికి ఆయనకు వేరే నీళ్ళేవి? ఇప్పుడు మనుషులకు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, పశువుల తొట్టికి ఇంకా బోరే. గుర్రం రోజుకు పాతిక నుంచి నలభై లీటర్లు తాగుతుంది, ఎదిగే పిల్ల ఎముకలోకి ఆ ఫ్లోరైడ్ చేరుతూ పోతుంది. మనుషులు తాగే నీళ్ళకు హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీరు కట్టాలనుకునే జాగాలోని బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్ష చేయించు, రిపోర్టు వచ్చేదాకా రేకుల షెడ్డు మాట ఎత్తకు. షెడ్డు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

తిండి దగ్గర నా భయం ఊరి ప్రేమతోనే. గుర్రానికి వాంతి రాదు, కడుపులోకి పోయింది వెనక్కి రాదు. ఒకామె బెల్లం పెడుతుంది, ఒకాయన అన్నం పెడతాడు, పిల్లలు బ్రెడ్డు, బోనాలప్పుడు ప్రసాదం, ఎవరో ఎండిన వరిగడ్డి మోపు. రాత్రికి అది పొట్ట తన్నుకుంటూ నేల మీద దొర్లుతుంది. గుర్రాల్ని చంపేది ఎక్కువగా ఈ కడుపునొప్పే. మంచి పచ్చగడ్డి, లూసర్న్, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు, అదీ ఒక్క మనిషి చేత్తో. మీ అమ్మ సహా ఎవరూ ఏమీ పెట్టకూడదని బోర్డు రాసి పెట్టండి. మీ అమ్మను ఆపడం కష్టం, తెలుసు.

ఇక అసలు సంగతి. మీ తాత వాళ్ళ గుర్రం గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు. మన ఇంట్లో ఆ మాట ఎత్తరు.

తాత, ఇంకో ముగ్గురు దోస్తులు కలిసి ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నారు, పెళ్ళి ఊరేగింపులకు తిప్పుదామని. లచ్చి అని పేరు. మాఘ, ఫాల్గుణాల్లో కళ్ళెం పట్టుకోవడానికి నలుగురూ నేనంటే నేనని ముందుకొచ్చేవారు, ఆషాఢం రాగానే గడ్డి వంతు ఎవరిదని రోజూ పంచాయితీ. అయినా నెట్టుకొచ్చారు. ఒక పెళ్ళిలో ఎవడో దాని కాళ్ళ దగ్గరే పటాకుల లడీ అంటించాడు. పెళ్ళికొడుకు అప్పుడే దిగాడు కాబట్టి బతికిపోయాడు గానీ, లచ్చి కంకర రోడ్డు మీద ఎంత దూరం ఉరికిందో తెలియదు. తెల్లారి చూస్తే కుడి ముంగాలి మోకాలి కింద, వెనక నరం (కండను ఎముకకు కట్టే తాడు లాంటిది) లావుగా వాచి, ముట్టుకుంటే కాలుతోంది. డాక్టరు వచ్చాడు. చన్నీళ్ళు పోయండి, పట్టీ కట్టండి, ఏడాది దాకా పని చెప్పొద్దు అన్నాడు. ఏడాది అనేసరికి నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కొన్ని వారాలకు వాపు దిగింది. కుంటు పోయింది. మోసమంతా అక్కడే ఉంది బిడ్డా. ఆ నరంలో రక్తం తిరిగేదే తక్కువ. పైన వాపు పోయినా లోపల తెగిన పోగులు అతుక్కోవడానికి తొమ్మిది నెలలు, ఏడాది కూడా పడుతుంది, అతుక్కున్నా తెగిన చేంతాడుకు ముడి వేసినట్టే, మునుపటి సాగుడు రాదు. ఇవన్నీ నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. అప్పుడు ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలిసిన డాక్టరు మాట ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే నలుగురిలో ఒకాయన అప్పటికే రెండు పెళ్ళిళ్ళకు బయానా తీసుకుని ఇంట్లో ఖర్చు పెట్టేశాడు. "నడుస్తనే ఉంది కదా" అన్నాడాయన. తాత వద్దన్నాడు. మూడో ఆయన ఎటూ చెప్పలేదు. నాలుగో ఆయన ఊళ్ళో లేడు. మాట కుదరకపోతే ఎవరి మాట చెల్లాలో ముందు అనుకోలేదు, అనుకోవాలని తోచను కూడా లేదు, దోస్తులు కదా. తీసుకుపోయారు. బ్యాండు మొదలైన కాసేపటికే ఆ కాలు గిట్ట పైన కీలు నేలకు తగిలేంతగా కుంగిపోయింది. నేను పక్కనే తాడు పట్టుకుని నడుస్తున్నాను. అది అరవలేదు, నొప్పికి గుర్రాలు మామూలుగా అరవవు.

ఆ తర్వాత వైద్యం చేయిద్దామని ఇద్దరు, వదిలించుకుందామని ఇద్దరు. ఒకరి ఇంటి ముందు కడితే రాత్రికి రాత్రి ఇంకొకరి ఇంటి ముందుకు తోలేవారు. చివరికి ఎవడో ఎంతకో కొనుక్కుపోయాడు, ఎందుకు కొంటున్నావని ఎవరూ అడగలేదు. తాత, ఆ బయానా తీసుకున్నాయన ఒకే బావిలో ఈత నేర్చుకున్నవాళ్ళు, మళ్ళీ చచ్చేదాకా మాట్లాడుకోలేదు. తాత పదో రోజున ఆయన వచ్చి గేటు బయటే నిలబడి పోయాడు. ఆయన మనవడు మీ గుంపులో ఉన్నాడని మొన్న నీ దోస్తు నోటనే విన్నాను. ఉండనీ, మంచి పిల్లగాడే అంటున్నారు. ఈ ఉత్తరం ఇంత పొడుగు కావడానికి కారణం మాత్రం అదే.

ఇప్పుడు 2008 సంగతి. డ్రీమ్ అలయన్స్‌కు ఇంగ్లాండులోని ఏంట్రీ మైదానంలో తెగింది కూడా ముంగాలి నరమే. అలాంటి దెబ్బ తగిలితే చాలా గుర్రాల కథ అక్కడితో ఆఖరు. ఆ ఊరివాళ్ళు అప్పటిదాకా అది గెలిచి తెచ్చిన డబ్బును పంచుకోకుండా దాని కాలికే పెట్టారు, స్టెమ్ సెల్ వైద్యం (తెగినచోట మూలకణాలు ఎక్కించడం) చేయించారు, ఏడాదికి పైగా ఆగారు. ఆ డిసెంబరు గెలుపు దాని తర్వాతే. అన్నేళ్ళూ కట్టి చివరికి లెక్క చూసుకుంటే ఒక్కొక్కరికి మిగిలింది 1,430 పౌండ్లు. మీ గుంపులో ఎవరైనా లాభం మాట ఎత్తితే ఈ అంకె చెప్పు, ఉండేవాడెవడో పోయేవాడెవడో తేలిపోతుంది.

కాబట్టి గుర్రం కొనే ముందే ఒక కాగితం రాసుకోండి, అందరూ సంతకాలు పెట్టండి. గుర్రం పరిగెత్తాలా ఆగాలా అన్నది డాక్టరు మాట, మీ ఓట్లు కాదు. వైద్యానికి వేరే ఖాతా, మొదటి నెల నుంచే, పెళ్ళయినా చావైనా దాన్ని ముట్టొద్దు. ఎవరైనా కట్టడం ఆపితే వాటా ఏమవుతుందో రాయండి. ఆరేడేళ్ళకు పరుగు అయిపోతుంది, గుర్రం పాతికేళ్ళు బతుకుతుంది, మిగతా కాలం ఎవరి దొడ్లో ఉంటుందో పేరుతో సహా రాయండి. ఎవరూ ముందుకు రాకపోతే నా పేరు రాయి, మా వెనక దొడ్డి ఖాళీగానే ఉంది. మీ అత్తకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

దసరాకు ఎట్లాగూ వస్తావు. ఆ పిల్లగాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి రా, కాగితం కూర్చుని రాద్దాం, గేటు బయట నిలబెట్టకు, నేరుగా లోపలికి తీసుకురా. నీళ్ళ రిపోర్టు అప్పటికి చేతిలో ఉండాలి. రాత్రికి మీ అమ్మకు ఫోన్ చెయ్యి, నా మాట నమ్మినట్టు లేదు. పందెం అన్న మాట మాత్రం నోట రానీకు, గుర్రాన్ని పెంచుతున్నామని చెప్పు.

మీ మామ