తగలోగ్ ఇంటి భాషగా ఉన్న కోడలి ఇంగ్లీషు గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కోడలు నర్సు ఉద్యోగానికి ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష రాయబోతున్నదనీ, పుస్తకాలు ఎంత చదివినా నలుగురిలో నోరు పెగలక బాధపడుతున్నదనీ రాశావు. మస్కట్‌లో ఉన్నప్పుడు ఆమెలాగే ఫిలిప్పీన్స్ భాష అయిన తగలోగ్ మాట్లాడే నర్సులకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆమెకు అర్థమయ్యేలా చదివి చెప్పు.

ఆమె ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న మనిషి కాదని మొదట నువ్వు గ్రహించాలి. 1901లో థామస్ అనే ఓడలో అమెరికా ఉపాధ్యాయులు దిగిన కాలం నుంచీ ఫిలిప్పీన్స్ బడుల్లో ఇంగ్లీషు పాతుకుపోయింది. 1987 నాటి అక్కడి రాజ్యాంగం, తగలోగ్ ఆధారంగా ఏర్పడిన ఫిలిపినో భాషతో పాటు దాన్నీ అధికార భాషగా గుర్తించింది. అక్కడి బతంగాస్‌లోని బడిలో ఆమె లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులోనే చదివి ఉంటుంది. అయితే ఇంట్లో తగలోగ్, స్నేహితులతో రెండూ కలగలిసిన టాగ్లిష్ మాట్లాడటం వల్ల, ఒక సంగతిని మొదలు నుంచి తుది దాకా ఇంగ్లీషులోనే చెప్పుకుపోవలసిన అవసరం ఆమెకు కలగలేదు. అందుచేత రోజూ కొంతసేపు మీరిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోండి. మాట తట్టనప్పుడు తగలోగ్‌లోకి జారిపోకుండా, ఆ వస్తువు ఎలా ఉంటుందో, దేనికి వాడతారో వర్ణించి చెప్పమను. తప్పు దొర్లితే మధ్యలో ఆపవద్దు. వాళ్లు ‘హియా’ అనే బిడియం ఒకసారి పట్టుకుంటే, తెలిసిన మాట కూడా గొంతు దాటి రాదు.

ఆసుపత్రిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ‘లేదా, కాదా’ అని అడిగే ప్రశ్నకు ఇచ్చే జవాబు. ‘మాత్ర వేసుకోలేదా?’ అంటే మనం ‘అవును, వేసుకోలేదు’ అంటాం. తగలోగ్‌లోనూ అలా ఒప్పుకోవడం మామూలే. అదే అలవాటుతో డాక్టరు ఇంగ్లీషులో అడిగినప్పుడు ‘యెస్’ అని ఊరుకుంటే, రోగి మాత్ర వేసుకున్నాడని ఆయన అనుకుంటాడు. కాబట్టి ఇలాంటి ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు ఇవ్వకుండా, ‘నో, హి హాజ్ నాట్ టేకెన్ ఇట్’ అని వాక్యం మొత్తం చెప్పడం అలవాటు చేయించు. నువ్వు ఇంట్లో ఆమెను పదేపదే ఇలాంటి ప్రశ్నలే అడుగుతూ ఉండు. ఆలోచించకుండా సరైన జవాబు వచ్చేదాకా ఈ అభ్యాసం మానవద్దు.

తగలోగ్‌లో ఆడవారికీ మగవారికీ ‘సియా’ అన్న ఒకే సర్వనామం ఉంటుంది గనుక, ‘హి’, ‘షి’ తారుమారవడం సహజం. ఒక రోగి ఫొటోను ఎదురుగా పెట్టుకుని ఆ మనిషి గురించి వరసగా నాలుగైదు వాక్యాలు చెబుతుంటే అది సర్దుకుంటుంది. క్రియల సంగతి ఇంకొంచెం లోతైనది: వాళ్ల క్రియ పని పూర్తయిందా, సాగుతోందా, ఇంకా మొదలవలేదా అన్నది చెబుతుందే గాని, నిన్నా నేడా అన్నది చెప్పదు. నిన్న తింటూ ఉన్నా, ఇప్పుడు తింటూ ఉన్నా ‘కుమాకాయిన్’ అనే అంటారు. అందుకని రాత్రి పడుకునే ముందు, ఆ రోజు డ్యూటీలో జరిగినదంతా గడచిపోయిన సంగతిగా నీకు ఇంగ్లీషులో వినిపించమను. మనం ‘లో, మీద, వద్ద, కి’ అనే చోట్ల వాళ్లకు చాలావరకు ‘సా’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి ‘ఇన్, ఆన్, ఎట్’ తడబడతాయి గాని, వాటికోసం ఇప్పుడు సమయం వృథా చేసుకోనక్కరలేదు.

ఉచ్చారణలో అర్థాన్ని చెడగొట్టేవాటినే సరిదిద్దుకుంటే చాలు. తగలోగ్ సొంత మాటల్లో ఎఫ్, వి ధ్వనులు లేనందువల్ల ఫీవర్ ‘పీబర్’ అయిపోతుంది. పై పళ్లు కింది పెదవికి ఆనేలా అద్దం ముందు పలికించు. పదిహేనుకూ యాభైకీ తేడా స్పష్టంగా వినిపించాలి, ఎందుకంటే మందు మోతాదు దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఫిఫ్టీన్‌లో చివరి భాగాన్ని, ఫిఫ్టీలో మొదటి భాగాన్ని ఊని, అంటే నొక్కి పలకాలి. ఈ విషయంలో ఆమె చెవి మన చెవి కన్నా మేలు: ‘బాసా’ అని మొదట ఊనితే చదవడం, ‘బసా’ అని చివర ఊనితే తడిసినది అని చిన్ననాటి నుంచీ వింటూ పెరిగిన పిల్ల. మిగిలిన యాసను దిద్దడానికి నువ్వు పూనుకోవద్దు; అది ఆమెకు అందంగానే ఉంటుంది.

మనకు ‘అండీ’ ఎలాగో వాళ్లకు ‘పో’ అలాగ. ఇంగ్లీషులో దానికి చోటు లేకపోవడంతో, పెద్దవారితో మాట్లాడుతుంటే అమర్యాదగా ఉన్నదేమోనని గొంతు తగ్గించే నర్సులను నేను చూశాను. ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ మైండ్’ అని మొదలయ్యే వాక్యాలు కొన్ని కంఠస్థం చేయిస్తే మర్యాద దక్కుతుంది, గొంతూ నిలబడుతుంది.

పరీక్ష తేదీ ఖరారు కాగానే నాకు తెలియజేయి. ఆదివారాలు ఫోనులో నేను రోగిగా మాట్లాడతాను, ఆమె నర్సుగా నన్ను ప్రశ్నలు అడగాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న