ఈత రాని మిత్రుడితో గంగలో రాఫ్టింగ్

ప్రశ్న: డిగ్రీ రోజుల నుంచి స్నేహితులమైన మేము ఆరుగురం వచ్చే అక్టోబరులో రిషికేశ్ వెళ్లి గంగలో రబ్బరు పడవ (రాఫ్ట్) మీద రాఫ్టింగ్ చేయాలనీ, రెండు రాత్రులు నది ఒడ్డున ఇసుకలో గుడారాలు వేసుకుని ఉండాలనీ అనుకుంటున్నాము. మాలో ఒకరికి ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉండగా భయమెందుకని మిగిలినవాళ్లు అంటున్నారు. అతను పైకి సరేనంటున్నా లోలోపల జంకుతున్నాడు. అతన్ని తీసుకువెళ్లవచ్చా? ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వెళ్లాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తీసుకువెళ్లవచ్చు, అయితే రాఫ్ట్ ఎక్కాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి. చివరి నిమిషంలో ఒడ్డున ఆగిపోతానన్నా మీలో ఎవరూ అతన్ని వేళాకోళం చేయబోమని బయలుదేరకముందే మాట ఇవ్వండి. బెదిరినవాడు తెడ్డు వదిలేసి పక్కవాడిని పట్టుకుంటాడు, దానితో ఇద్దరూ నీళ్లలో పడే ప్రమాదం ఉంది.

దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసిన చోట గంగ అనే పేరు పొందిన నది కౌడియాల, మెరైన్ డ్రైవ్, శివపురి, బ్రహ్మపురి మీదుగా రిషికేశ్‌కు దిగుతుంది. రిషికేశ్ చేరడానికి కౌడియాల నుంచి సుమారు 35 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, బ్రహ్మపురి నుంచి 9 కిలోమీటర్ల ప్రయాణం ఉంటుంది. నీరు రాళ్ల మధ్య ఎగసిపడే చోట్లను ర్యాపిడ్లు అంటారు, వాటి ఉధృతిని 1 నుంచి 6 వరకు గ్రేడ్లుగా లెక్కిస్తారు. కౌడియాల మార్గంలో వచ్చే ‘వాల్’ అనే ర్యాపిడ్ నాలుగో గ్రేడుది కనుక మొదటిసారి వెళ్లేవారికి ఆ మార్గం వద్దనే నా సలహా. ‘రోలర్ కోస్టర్’, ‘గోల్ఫ్ కోర్స్’ వంటి, ‘వాల్’ కంటే తేలికైన ర్యాపిడ్లు ఉన్న శివపురి మార్గం మీ బృందానికి సరిపోతుంది, మీ మిత్రుడి జంకు తగ్గకపోతే బ్రహ్మపురి చాలు.

లైఫ్ జాకెట్ మనిషిని తేల్చగలదు కాని నీటి వేగం నుంచి, చలి నుంచి, రాళ్ల నుంచి కాపాడలేదు. అది కూడా బిగుతుగా ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి, బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి, చెవుల దాకా జారి వస్తే మరింత బిగించాలి. నీళ్లలో పడితే కాళ్లు ప్రవాహం పోయే వైపు చాచి, కాలి వేళ్లు నీటిపైకి కనిపించేలా వెల్లకిలా తేలాలి. నడుము లోతు నీళ్లే కదా అని పరుగునీటిలో లేచి నిలబడకూడదు, ఎందుకంటే రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి నీటిలో ముంచేస్తుంది. గైడు తాడు విసిరినప్పుడు దాన్ని చేతితో పట్టుకోవాలే తప్ప మణికట్టుకు చుట్టుకోకూడదు. ర్యాపిడ్లు దాటాక నీరు నెమ్మదించిన చోట దూకమని, తాడు పట్టుకుని తేలమని గైడ్లు ఉత్సాహపరుస్తారు. ఈత రానివారికి అది తప్పనిసరి కాదని మీరే ముందుగా గైడుకు చెప్పి ఉంచండి.

మీ కోసం నాకు రాఫ్ట్ కంటే ఒడ్డు గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. వాళ్లలో ఎవరూ సాహసం చేయడానికి నీళ్లలో దిగలేదు, రాళ్ల మీద నిలబడ్డారు, అంతే. మన ఇళ్లలో ఇప్పటికీ మానని గాయం అది. రిషికేశ్‌కు ఎగువన కూడా భాగీరథి మీద టెహ్రీ, కోటేశ్వర్, అలకనంద మీద (ఉత్తరాఖండ్‌లోని) శ్రీనగర్ జలవిద్యుత్ ప్రాజెక్టులు ఉన్నాయి. అక్కడి నుంచి వదిలే నీటిని బట్టి దిగువన మట్టం మారుతుంది, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా పెరుగుతుంది. ఉదయం పొడిగా ఉన్న రాయి తడిసినా, తేటగా ఉన్న నీరు బురదగా మారినా, సైరన్ వినిపించినా సామాను వదిలేసి పైకి ఎక్కాలి.

ఇసుకలో గుడారాల ఆలోచన మానుకోండి. కౌడియాల నుంచి రిషికేశ్ వరకు గంగ ఒడ్డున క్యాంపులు నడపడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 డిసెంబరులోనే నిలిపివేసింది. ఒడ్డుకు దూరంగా నడిపే క్యాంపులో ఉండాలనుకుంటే, అది నదికి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి. గట్టు మీద ఉందన్నారని కొండవాగు పక్కన చోటు తీసుకోకండి, పైన కొండల్లో వాన పడితే గంగ కంటే ముందు పొంగేది ఆ వాగే. ఇక మద్యం సంగతి: రాత్రి తాగి ఉదయం రాఫ్ట్ ఎక్కడం, తాగి చీకట్లో నది వైపు నడవడం రెండూ ప్రాణాంతకమే. ఈ మాట మీ ఆరుగురిలో ఒకరు నిక్కచ్చిగా చెప్పగలిగి ఉండాలి.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేనివారికి దగ్గరలో రాఫ్టింగ్ ఎక్కడ ఉంది?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీకు కర్ణాటకలోని దాండేలి ప్రాంతం అనువుగా ఉంటుంది. అక్కడ కాళీ నదిలో గణేశ్‌గుడి దగ్గర రాఫ్ట్‌లు నడుపుతారు. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలికా నది కూడా ఉంది. రెండు చోట్లా ఎగువన విద్యుత్ ఉత్పత్తికి వదిలే నీటి మీదే రాఫ్టింగ్ ఆధారపడుతుంది కాబట్టి, బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి మర్నాడు నీరు వదులుతారో లేదో కనుక్కుని వెళ్లండి.