సమాధానం: స్ట్రాస్‌బర్గ్ తీర్పు వచ్చినా చట్టం మారకపోతే

మీ లెటర్లు తప్పు చోటికి వెళ్తున్నాయి. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో కేసు గెలిచాను, ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, చట్టం మాత్రం మార్చలేదు, ఆ కోర్టుకు ఎన్నిసార్లు రాసినా పలకట్లేదు అంటున్నారు కదా, తీర్పు అమలు చూసేది కోర్టు కాదు, యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం 46వ అధికరణం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ యూరప్ (ఈ కోర్టు ఉన్న దేశాల కూటమి) మంత్రుల కమిటీ.

1. ముందు తీర్పు ఫైనల్ అయిందో లేదో చూసుకోండి. ఛాంబర్ (కోర్టులోని మామూలు బెంచ్) తీర్పయితే గ్రాండ్ ఛాంబర్‌కు (పెద్ద బెంచ్‌కు) పంపమని అడగడానికి 3 నెలల గడువుంటుంది.

2. ఫైనల్ అయ్యాక 6 నెలల్లోపు తీర్పును ఎలా అమలు చేస్తుందో చెప్పే యాక్షన్ ప్లాన్‌ను ప్రభుత్వం కమిటీకి ఇవ్వాలి. తీర్పుల అమలు వివరాలుండే హుడాక్ ఎగ్జెక్ (HUDOC-EXEC) సైట్‌లో కేసు పేరు కొట్టి వెతకండి, దొరికితే మొత్తం చదవండి.

3. దాదాపు అందరూ వదిలేసేది ఇదే: కమిటీ రూల్ 9, అంటే అమలు గురించి బయటివాళ్లు కమిటీకి రాసే వీలిచ్చే నియమం. మీకు రావాల్సిన పరిహారం, మీ ఒక్కరి విషయంలో తీసుకోవాల్సిన చర్యల గురించి మీరే నేరుగా కమిటీకి రాయొచ్చు. చట్టం మార్చడం లాంటి సాధారణ చర్యల మీదైతే ఒక ఎన్జీఓ చేతో, జాతీయ మానవ హక్కుల సంస్థ చేతో రాయించాలి. రాసేటప్పుడు మళ్లీ కేసంతా వాదించొద్దు (చాలామంది అదే చేస్తారు), ప్లాన్‌లో ఏం చేస్తామన్నారు, అందులో ఏది జరగలేదు, దానికి ఆధారమేంటి, అంతే.

4. టైమ్ మాత్రం పడుతుంది. ఖైదీల ఓటు హక్కు మీద బ్రిటన్‌కు వ్యతిరేకంగా 2005లో వచ్చిన హర్స్ట్ తీర్పు ఫైల్‌ను కమిటీ 2018లో గానీ మూయలేదు.